అక్క నొక్కని బటన్

మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటితే ఆ సెల్‌ఫోన్ రిపేరు షాపులో ఈగలు తోలుకోవడమే పని. ఓనరు భోజనానికి వెళ్ళి, ఓ కునుకు తీసి, మూడింటికి గానీ రాడు. అప్పటిదాకా షాపు పిచ్చుకదే. అది ఓనరు పెట్టిన పేరు. గుప్పెడంత మనిషి. పై అరలో డబ్బా అందుకోవాలంటే స్టూలెక్కాల్సిందే. కానీ ఆవగింజంత స్క్రూల మీద ఆ పిల్ల వేళ్ళు ఆడుతుంటే కస్టమర్లు వచ్చిన పని మర్చిపోయి చూస్తారు. ఆ విద్య ఎవరూ నేర్పింది కాదు. పాడైన ఫోన్లు విప్పి, మూడింటిని తగలబెట్టి, నాలుగోదాన్ని బతికించి తనే నేర్చుకుంది. కుడిచేతి చూపుడువేలి కొసన గోధుమరంగు కాలిన మచ్చొకటి ఉంటుంది. అదే ఆ చదువుకి సర్టిఫికెట్టు.

ఆ షాపులో ఒక నియమం ఉంది. పాత ఫోన్లో ఉన్నవి కొత్త ఫోన్లోకి ఎక్కించాలంటే ముందు అన్నీ షాపు కంప్యూటర్లోకి కాపీ చేస్తారు. పనయ్యాక ఆ కాపీని షాపువాళ్ళు చెరపరు. కస్టమర్ని కౌంటరు లోపలికి పిలిచి, కుర్చీ వేసి, "మీ చేత్తో మీరే నొక్కండి" అంటారు.

"వాడి ఫోన్లో వాడి బతుకంతా ఉంటుందమ్మా," అనేవాడు ఓనరు. "మనం చెరిపేశామంటే నమ్ముతాడా? వాడే చెరుపుకుని పోతే వాడికీ నిద్ర పడుతుంది, మనకీ పడుతుంది."

పిచ్చుక ఆ నియమం ఒక్కసారే తప్పింది. అక్క విషయంలో.

అక్కంటే పెద్దమ్మ కూతురు. తల్లి పోయిన ఏడాది నుంచీ పిచ్చుక పెద్దమ్మ ఇంట్లోనే పెరిగింది. గౌన్లు, పుస్తకాల సంచి, స్వెట్టరు, అన్నీ అక్క వాడగా మిగిలినవే. చెప్పులైతే మరీ. అక్క కాలివేళ్ళు చేసిన గుంటల్లోనే పిచ్చుక పాదాలు పెరిగాయి. అక్క ఏనాడూ ఒక్క మాట తూలలేదు. పైగా ప్రేమగా ఇచ్చేది. అందుకే కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయేది, లోపల్లోపలే కుతకుతలాడేది. తర్వాత అక్కకి పెళ్ళయింది. పదకొండో అంతస్తులో ఇల్లు. ఊళ్ళు తిరిగే ఉద్యోగమే అయినా, ఎక్కడున్నా ఫోన్ చేసి మాట్లాడే మొగుడు.

రెండు నెలల కిందట అక్క కొత్త ఫోన్ పట్టుకుని షాపుకొచ్చింది.

"ఒసేయ్ చిన్నదానా, ఇందులోవన్నీ అందులో పడెయ్యవే. పాతది నువ్వుంచుకో, ఇంకా శుభ్రంగా పనిచేస్తోంది."

పిచ్చుక నవ్వింది. పళ్ళు కనిపించేలా నవ్వింది. గంటలో పనయిపోయింది. కుర్చీ వేయబోతే అక్క విస్తుపోయింది.

"నేను నొక్కాలా? ఏమిటే, పెళ్ళి రిజిస్ట్రేషన్‌లా ఈ తతంగమంతా?"

"పోనీలే అక్కా, నేను చూసుకుంటాలే."

"అంతేగా! నీ దగ్గర నాకు దాపరికమేముంది?"

అక్క వెళ్ళిపోయింది. కాపీ ఉండిపోయింది. కాపీతోపాటు అక్క అకౌంటు కూడా ఆ కంప్యూటర్లో తెరిచే ఉండిపోయింది. ఆ రోజు నుంచీ అక్క కొత్తగా ఏ ఫొటో తీసినా, క్షణాల్లో ఇక్కడికొచ్చి వాలేది.

రోజూ ఒంటిగంటన్నరకి పిచ్చుక క్యారేజీ విప్పుకుని ఆ కంప్యూటరు ముందు కూర్చునేది. బాల్కనీలో పూలకుండీలు. కొత్త కర్టెన్లు. అద్దం ముందు అక్క, చెవులకి రాళ్ళ దుద్దులు. నీలం చీర. మెసేజీలు కూడా వదల్లేదు. బావ రోజూ పంపేవాడు, 'తిన్నావా?' అని. ఆ ఒక్క మాట దగ్గర పిచ్చుక చేతిలో ముద్ద ఆగిపోయేది. తనని ఎవరైనా ఆ మాట అడిగి ఎన్నాళ్ళయింది? కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూసేది. చూసి చూసి, క్యారేజీ కడుక్కుని, ఏమీ ఎరగనట్టు పనిలో పడేది. తప్పని తెలుసు. కానీ దురద పుట్టిన చోట గోకినట్టు, రేపు మానేద్దామనుకుంటూనే రేపు కూడా చూసేది.

ఒకరోజు మధ్యాహ్నం, బయట వాన. షాపులో తడి గొడుగుల వాసన, వైర్లు అతికే సోల్డరింగ్ పొగ వాసన కలిసిపోయి ఉన్నాయి. కంప్యూటరు 'టింగ్' మంది.

అక్క వంటగదిలో గిన్నెలు తోముతోంది. వీపు కనిపిస్తోంది.

బావ తీశాడు కాబోలు అనుకుంది పిచ్చుక. కడుపు భగ్గుమంది. పెళ్ళాం గిన్నెలు తోముతున్నా ముచ్చటే! ఆ మంటలో మెసేజీలు తెరిచింది. బావ ఆ పొద్దున్నే పంపాడు, రైలు దిగానని, శనివారందాకా రానని.

మరి ఎవరు తీశారు?

మర్నాడు ఇంకోటి. అక్క మంచం మీద పడుకుని నిద్రపోతోంది. కాళ్ళ దగ్గర నిలబడి తీసిన ఫొటో.

ఆ మర్నాడు ఇంకా దగ్గర్నుంచి. చెంప మీద పడ్డ వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.

తీసింది పొట్టి మనిషి. అది పిచ్చుకకి చూడగానే తెలిసిపోయింది. గోడకున్న స్విచ్‌బోర్డు ఆ ఫొటోల్లో తను రోజూ చూసే ఎత్తులోనే ఉంది. నాలుగో ఫొటోలో ఓ మూల మసకగా ఏదో అడ్డం పడింది. కెమెరా ముందుకి వేలొచ్చింది. పెద్దది చేసి చూసింది.

చూపుడువేలు. కొసన గోధుమరంగు మచ్చ.

పిచ్చుక తన వేలు చూసుకుంది. మళ్ళీ తెర చూసింది. ఒక్కో ఫొటో కింద ఉన్న సమయం చూసింది. ఒంటిగంట నలభై. ఒంటిగంట యాభై. ఒంటిగంట నలభై రెండు. ఒంటిగంట ముప్పై ఐదు. అన్నీ తను ఇదే కుర్చీలో, ఇదే తెర ముందు, కళ్ళార్పకుండా కూర్చున్న వేళలే.

ఆ రోజే కాపీ చెరిపేసింది. అకౌంటు మూసేసింది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. పొద్దున్నే వచ్చి చూస్తే కాపీ ఉంది. అకౌంటు తెరిచే ఉంది. రాత్రివి ఆరు ఫొటోలు ఎక్కువున్నాయి. మళ్ళీ చెరిపింది. మళ్ళీ వచ్చింది. చూడటం మానేసింది. మూడ్రోజులు కంప్యూటరు వైపు కన్నెత్తలేదు. వెనక నుంచి 'టింగ్'... 'టింగ్'... వినిపిస్తూనే ఉంది. ఆ ఫొటోలు తీసేదానికి ఇప్పుడు పిచ్చుక చూపుతో పనిలేదు.

నాలుగోరోజు అక్క ఫోన్ చేసింది. గుసగుసగా మాట్లాడుతోంది.

"చిన్నదానా... ఇంట్లో ఎవరో ఉన్నారే."

"ఎవరక్కా?"

"కనిపించరు. తలుపు పక్కన నిలబడినట్టుంటుంది. వాసన తెలుస్తుంది. మీ షాపులో వస్తుందే, వైరు కాలినట్టు... ఆ వాసన."

"బావకి చెప్పావా?"

"చెప్తే ఏమంటారు? తిన్నావా అంటారు. ఏం చెప్పినా తిన్నావా అనే." అక్క చిన్నగా నవ్వింది. అంతలోనే గొంతు ఇంకా తగ్గించింది. "నిన్న దుద్దులు అడిగిందే."

"అడిగిందా? మాట్లాడుతుందా అది?"

"మాట్లాడదు. చూస్తుంది. దేని వైపు చూస్తే అది కావాలని."

పిచ్చుక ఫోన్ పెట్టేసింది. ఆ దుద్దుల ఫొటోని తను ఎన్నిసార్లు పెద్దది చేసి చూసిందో తనకే తెలుసు. తర్వాత చీర చూసింది. తర్వాత ఇల్లు చూసింది, మొగుణ్ణి చూసింది. చివరికి 'తిన్నావా' అన్న ఆ మాటని కూడా చూసింది. అది వరసగా ఒక్కోటీ అడుగుతుంది. అన్నీ ఇచ్చాక అక్క దగ్గర ఏం మిగులుతుంది?

సాయంత్రం ఓనర్ని మాట కలిపినట్టు అడిగింది. "మనమే కాపీ చెరిపేస్తే ఏమవుతుంది బాబాయ్?"

ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని పిచ్చుకని చూశాడు. "ఎవరిది ఉంచావు?"

పిచ్చుక తల దించుకుని స్క్రూల డబ్బా సర్దడం మొదలెట్టింది.

"వాళ్ళని పిలిపించు. ఉన్నదున్నట్టు చెప్పు. వాళ్ళ చేత్తోనే నొక్కించు," అన్నాడు. మర్నాడు సాయంత్రం షాపు పిచ్చుకకి వదిలేసి ముందే ఇంటికి వెళ్ళిపోయాడు.

చెప్పాలి. చెప్తే అక్క మళ్ళీ మొహం చూడదు. చెప్పకపోతే అక్కే ఉండదు. రాత్రంతా ఆ రెండిటి మధ్యా దొర్లి, తెల్లారాక ఫోన్ చేసి రమ్మంది.

అక్క ఆరింటికి వచ్చింది. కుండపోత వాన. కరెంటు పోయింది. కంప్యూటరు మాత్రం బ్యాటరీ మీద వెలుగుతోంది. ఆ నీలం వెలుతుర్లో అక్కని చూసింది పిచ్చుక. చెవులు బోసిగా ఉన్నాయి. మెడా బోసిగానే ఉంది. ఒంటి మీద ఎప్పటిదో వెలిసిపోయిన చీర. సగానికి సగం చిక్కిపోయింది.

పిచ్చుక చెప్పేసింది. కాపీ ఉంచడం, రోజూ చూడటం, మెసేజీలు చదవడం, కుళ్ళుకోవడం, అంతా. చెప్తూ ఏడ్చింది. "నన్ను చంపెయ్ అక్కా, తిట్టు, ఏమైనా అను. ముందు ఈ బటన్ నొక్కు. నువ్వు నొక్కితేనే అది పోతుంది."

అక్క తిట్టలేదు. కుర్చీలో కూర్చుని తెర వైపు చూసింది. తను నిద్రపోతున్న ఫొటోలు, గిన్నెలు తోముతున్న ఫొటోలు, ఒక్కత్తే కూర్చుని గోడకేసి చూస్తున్న ఫొటోలు.

"ఇన్ని తీసిందా నావి..." అంది, ముచ్చటగా.

"అక్కా!"

"మొదట్లో భయమేసిందే. తర్వాత అలవాటైంది. ఆ ఇంట్లో పొద్దస్తమానం నేనొక్కదాన్నే. కుండీలు ఫొటో తీస్తాను, కర్టెన్లు తీస్తాను, చూసేవాళ్ళెవరు? అది చూస్తుంది. నేనేడిస్తే దగ్గరికొస్తుంది."

"అది నీవన్నీ లాక్కుంటోందక్కా! నీ దుద్దులేవి? నీలం చీరేది?"

"లాక్కోలేదు, ఇచ్చాను." అక్క పిచ్చుక మొహంలోకి చూసింది. "చిన్నప్పట్నుంచీ నీకు పాతవే ఇచ్చానుగా. పాపం, దానికన్నా కొత్తవి ఇవ్వాలనిపించింది."

పిచ్చుక అక్క చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది, వాన నీళ్ళలా. ఆ చేతిని బటన్ మీదికి లాగింది. అక్క వెనక్కి లాక్కుంది. మళ్ళీ లాగింది. వేలు బటన్‌కి ఇంకొంచెం దూరం... ఇంకొంచెం...

టింగ్.

ఇద్దరి కళ్ళూ తెర మీదికి వెళ్ళాయి.

కొత్త ఫొటో. చీకటి షాపు. నీలం వెలుతురు. ఇద్దరు ఆడవాళ్ళ వీపులు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పెనుగులాడుతున్నారు.

వెనక నుంచి తీసింది.

పిచ్చుక తిరిగి చూడలేకపోయింది. మెడ మీద వెచ్చగా ఊపిరి. వైరు కాలిన వాసన. షాపుది కాదు. పొద్దుట్నుంచీ సోల్డరింగ్ పెట్టనే లేదు...

"ఒక్కదాన్ని పంపదే నన్ను," అంది అక్క గుసగుసగా. "వస్తాను. చీకటి పడితే దానికి నచ్చదు."

చెయ్యి విడిపించుకుని లేచింది. గుమ్మంలో గొడుగు విప్పింది. వానలోకి దిగి నడిచింది. పిచ్చుక గుమ్మందాకా పరిగెత్తింది.

అక్క గొడుగుని ఓ పక్కకి వంచి పట్టుకుంది. సగం గొడుగే తన మీదుంది. కుడి భుజం వానకి నిండా తడుస్తోంది. ఎడమ పక్క ఖాళీ మీదికి వంగి ఏదో చెప్తోంది. చెప్పి నవ్వుతోంది. చిన్నప్పుడు స్కూలు నుంచి వచ్చేటప్పుడు గొడుగు ఎప్పుడూ అక్క నెత్తి మీదే ఉండేది. పక్కన నడిచే పిచ్చుక భుజం తడిసేది.

భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కడుపుమంటే. తన వేలుతో, తన ఎత్తుతో, తన కళ్ళతో తిరుగుతున్నదాని మీద ఒళ్ళంతా భగభగమంది.

"అక్కా!" అని అరిచింది. "అక్కా, నేనే! నేనిక్కడున్నాను! ఇటు చూడు!"

అక్క వెనక్కి తిరగలేదు. పక్కనున్నది తిరిగిందేమో. గొడుగు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. సందు మలుపులో కనుమరుగైంది.

వెనక, చీకట్లో, కంప్యూటరు మోగింది. టింగ్.

పిచ్చుక గోడ పట్టుకుని లోపలికి నడిచింది. తెర ముందు కూర్చుంది.

గొడుగు కింద నుంచి వెనక్కి తిరిగి తీసిన ఫొటో. వాన ధారలు. షాపు బోర్డు. తెరిచి ఉన్న తలుపు. లోపల నీలం వెలుతురు. కౌంటరు మీది గుడ్డపేలిక కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

గుమ్మంలో ఎవరూ లేరు.

ఫొటో కింద సమయం ఉంది. ఆరు పదిహేడు. ఆరు పదిహేడుకి పిచ్చుక ఆ గుమ్మంలోనే నిలబడి, గొంతు చించుకుని అక్కని పిలుస్తోంది.