మెడలో విజిల్ లేని మనిషి

"గీత, మేడమ్."

కోచ్ కిందికి చూసుకుంది. బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన, బెంచి ముందు నేల మీద తెల్ల గీత ఉంది. ఆట నడుస్తున్నంతసేపూ కోచ్ దానికి ఇవతలే ఉండాలి. ఆమె బూటు ముందు భాగం అవతల ఉంది.

"అర అంగుళం," అంది.

"అవతల," అన్నాడు రిఫరీ.

అప్పటికే అతను రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ ఆమె వెనక్కి జరిగింది, ఆట ధ్యాసలో పడి మళ్ళీ ముందుకొచ్చేసింది. మూడోసారి అతను చెప్పి ఊరుకోలేదు. విజిల్ ఊదాడు. టెక్నికల్ ఫౌల్. అవతలి టీముకి ఒక ఫ్రీ త్రో, అడ్డెవరూ లేకుండా రింగులోకి బంతి వేసే అవకాశం. అది పడింది. ఆట ఒక్క పాయింటుతో పోయింది.

ఆట అయ్యాక రిఫరీల గది ముందు కోచ్‌లు నిలబడకూడదు. ఆమె నిలబడింది.

"అర అంగుళానికి మ్యాచ్ మొత్తం తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టారు."

"బంతి వేసింది వాళ్ళు, మేడమ్. నేను కాదు."

"ఇంట్లో కూడా ఇలాగే ఊదుతుంటారా? చెప్పు గడప దాటితే ఫౌల్, గ్లాసు బల్ల అంచున పెడితే ఫౌల్?"

అతను విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ ఆలోచించాడు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పి తీరాలనుకునే రకం.

"ఇంట్లో ఊదినా వినేవాళ్ళు లేరు, మేడమ్," అని తలుపు వేసుకున్నాడు.

ఆమె దగ్గర ఇంకా నాలుగైదు మాటలు మిగిలే ఉన్నాయి. వాటిని మింగేసి బస్సెక్కింది.

బస్సులో కోచ్ చోటు డ్రైవర్ వెనకాల. ఇద్దరు పట్టే సీటు. కిటికీ వైపు ఆమె, పక్కన ఆమె బ్యాగు. బ్యాగుని అక్కడ పెట్టమని ఎవరూ చెప్పలేదు. తియ్యమనీ ఎవరూ అడగలేదు.

ఆడినన్నాళ్ళూ ఆమె చోటు ఆఖరి వరస. అక్కడ ఒకరి దుప్పటిలో ముగ్గురు దూరేవాళ్ళు. ఆమె కాళ్ళు పక్కవాళ్ళ ఒళ్ళు దాటుకుని అవతలి కిటికీ దాకా వెళ్ళేవి. రింగు కింద ఆమె నిలబడితే బంతి ఇంకొకరికి దొరకదని పేపర్లు రాసేవి. తర్వాత ఎడమ మోకాలు పోయింది. ఆపరేషన్ చేయించుకుని వచ్చి ఆడింది. మళ్ళీ అదే మోకాలు పోయింది. ఈసారి డాక్టర్ ఆట గురించి మాట్లాడలేదు, మెట్లెక్కడం గురించి మాట్లాడాడు. క్లబ్బువాళ్ళు వీడ్కోలు సభ పెట్టి, పై సీజన్‌కి కోచ్ కోటు తొడిగారు.

ఇప్పటి కెప్టెన్ ఒకప్పుడు ఆమె రూమ్మేటు. "ఒసేయ్ నిచ్చెనా, లైటార్పవే" అంటూ దిండు విసిరిన మనిషి. కోటు తొడుక్కున్న మొదటి రోజు ప్రాక్టీసులో ఆ కెప్టెనే వచ్చి, "ఎన్ని రౌండ్లు పరిగెత్తమంటారు, కోచ్?" అంది. ఆ 'మంటారు' విని ఆమె వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఇంకెవరన్నా నిలబడ్డారేమోనని.

కెప్టెన్ తప్పేమీ లేదు. ఎవర్ని ఆడించాలో ఎవర్ని కూర్చోబెట్టాలో తేల్చే మనిషిని 'ఒసేయ్' అనడం కుదరదు. కోచ్ లాకర్ రూములోకి వస్తే మాటలు ఆగిపోయేవి. అలా ఆగిపోవడం చూడలేక ఆమె తలుపు బయటే దగ్గడం అలవాటు చేసుకుంది. దాంతో దగ్గు వినగానే మాటలు ఆగడం మొదలైంది.

ఇలా లెక్క చూసుకుంటే, ఆమెకి ఎదురు మాట్లాడే మనిషి ఆ రిఫరీ ఒక్కడే మిగిలాడు.

మొహంలో ఏదీ కనపడదని టీములో పిల్లలు అతనికి 'రాయి' అని పేరు పెట్టారు. ఆ సీజన్‌లో చాలా మ్యాచ్‌లకి అతనే వచ్చేవాడు.

"గీత, మేడమ్."

"మీకు ఇంకో మాట రాదా?"

"వచ్చు. ఫౌల్."

ఇంకోసారి:

"మా పిల్లని తోసేసింది, కనపడలేదా?"

"కనపడింది. మీ పిల్ల ముందు తోసింది."

"అది నేను చూళ్ళేదు."

"అందుకే నన్ను పెట్టారు."

బెంచి మీద పిల్లలు నవ్వు బయటికి రాకుండా తువ్వాళ్ళు నోట్లో కుక్కుకునేవారు. కోచ్ ఇంటికి వెళ్ళాక గిన్నె కడుగుతూ, అప్పుడు తట్టని జవాబు తట్టితే గట్టిగా పైకి అనేది. అద్దె గది. ఒక కంచం, ఒక గ్లాసు. జవాబు గోడకి తగిలి అక్కడే ఉండిపోయేది.

ఒక సాయంత్రం మ్యాచ్‌కి ముందు వాన పట్టుకుంది. స్టేడియానికి ఎదురుగా రోడ్డుకి ఇవతల బస్ షెల్టర్‌లో కోచ్ చిక్కుకుపోయింది. అదే షెల్టర్‌లో అవతలి చివర అతను నిలబడి ఉన్నాడు, చేతిలో గొడుగుతో. వాన రేకు మీద ఎంత గోల చేసినా, ఆ చివర నుంచి ఈ చివరకి మాట వినిపించేంత దూరమే.

"గొడుగు ఉంచుకుని నిలబడ్డారేంటి?" అంది ఆమె.

"ఒక గొడుగు కింద కోచ్, రిఫరీ కలిసి లోపలికి వెళ్తే బాగోదు, మేడమ్."

"నన్ను రమ్మనలేదుగా ఎవరూ. మీరు వెళ్ళండి."

అతను రోడ్డు కేసి చూశాడు. ఆమె మోకాలి కేసి చూశాడు. ఆమె బరువంతా కుడికాలి మీద వేసి నిలబడి ఉంది. చలిగాలికి ఎడమ మోకాలు పట్టేస్తుందని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

గొడుగు తెచ్చి ఆమె పక్కన ఆనించి, అతను వానలోకి దిగి నడిచి వెళ్ళిపోయాడు. పరిగెత్తలేదు. పరిగెత్తడం అతనికి కోర్టులోనే.

ఆ రోజు ఆట ఆఖర్లో ఆమె ఒళ్ళు మర్చిపోయి అరిచింది. తేరుకుని చూసుకుంటే రెండు కాళ్ళూ గీతకి అవతల ఉన్నాయి. అర అంగుళం కాదు, రెండడుగులు. తలెత్తి చూసింది. జుట్టు ఇంకా ఆరని రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకుని ఆమెనే చూస్తున్నాడు. ఊదలేదు. ఆమె గబగబా వెనక్కి వచ్చేసింది. ఆట గెలిచారు. గొడుగు ఇచ్చేద్దామని వెళ్ళేసరికి అతను లేడు.

ఇంటికి రాగానే ఫోన్‌లో సంగతంతా విని అక్క అంది, "గొడుగిచ్చింది ఎవరే?"

"రిఫరీ."

"ఎత్తెంత?"

ఏ మగవాడి మాట వచ్చినా అక్క ముందు అడిగేది అదే.

"నా చెవి దాకా వస్తాడు."

"ఇంకేం. చెప్పింది వినిపిస్తుంది. చాలు."

"అక్కా, గొడుగు తిరిగిచ్చేయడం గురించి చెప్తున్నా."

"నేనూ దాని గురించేగా!"

తర్వాతి మ్యాచ్‌కి గొడుగు తీసుకెళ్ళింది. అతను రాలేదు. ఆ పై మ్యాచ్‌కీ తీసుకెళ్ళింది. వేరే రిఫరీ వచ్చాడు. బస్సులో పక్క సీటు మీద బ్యాగు, బ్యాగు మీద గొడుగు పడుకుని ప్రయాణాలు చేస్తున్నాయి.

స్కోరు బల్ల దగ్గర కూర్చునే పెద్దావిడని లీగంతా ఆంటీ అంటుంది. ఏ మ్యాచ్‌కి ఎవరు ఊదుతారో ఆఫీసుకన్నా ముందు ఆవిడకే తెలుస్తుంది.

"ఎవరి కోసం అలా మెడ సాచి చూస్తున్నావమ్మాయ్? రాయి కోసమా? రాడు. మగవాళ్ళ లీగుకి వెళ్ళిపోయాడు. ఈసారి మన ఫైనల్ కూడా ఆయనకే ఇచ్చారు. అదీ వద్దన్నాడు."

"ఎందుకని?"

ఆంటీ నీళ్ళు నమిలింది.

"చెప్పండి, పర్లేదు."

"ఆ కోచ్ ఉన్న కోర్టులో నేను ఊదలేను అన్నాట్ట. నేను విన్నది అంతే. మనసులో పెట్టుకోకు తల్లీ. నీకు ముక్కు మీద కోపం, ఆయనకి చాదస్తం. ఒకళ్ళకొకళ్ళు సరిపోయారు."

తన గొంతు పెద్దదని కోచ్‌కి తెలుసు. రాయి కూడా పారిపోయేంత పెద్దదని తెలియదు. ఫైనల్ ఊదే అవకాశం రిఫరీకి ఎన్నేళ్ళకో వస్తుంది. తనని చూడకుండా ఉండటానికి మనిషి దాన్ని కూడా వదులుకున్నాడు.

ఆ రోజు ఆమె బెంచి మీంచి లేవలేదు. తర్వాతి మ్యాచ్‌లో లేచింది గానీ గీతకి ఆమడ దూరంలో చేతులు కట్టుకుని నిలబడింది. రెండూ ఓడిపోయారు. గొడుగుని గదిలో తలుపు మూలన పెట్టేసి, దాని మీద కోటు తగిలించింది, కనపడకుండా.

ప్రాక్టీసు అయ్యాక కెప్టెన్ దగ్గరికొచ్చింది.

"ఒంట్లో బాలేదా, కోచ్?"

"బానే ఉంది."

"మరి మమ్మల్ని తిట్టట్లేదేంటి?"

"తిట్లు తినాలని అంత సరదాగా ఉందా?"

"మీరు తిడితే భయమేసేది. తిట్టకపోతే ఇంకా భయమేస్తోంది." కెప్టెన్ ఇంకేదో అనబోయింది. పెదవి దాకా వచ్చిన మాటని వెనక్కి పంపేసి, "వస్తాను, కోచ్," అని వెళ్ళిపోయింది.

లీగ్‌లో చివరి మ్యాచ్ పొరుగూళ్ళో పడింది. గెలిస్తే ఫైనల్. మధ్యాహ్నం మ్యాచ్, మబ్బుగా ఉంది. అందుకని గొడుగు వెంట తెచ్చుకుంది. అందుకనే, అని తనకి తను రెండుసార్లు చెప్పుకుంది.

ఆట సగం దాటింది. అవతలి పిల్ల బంతితో దూసుకొచ్చింది. దారిలో కెప్టెన్ రెండు కాళ్ళూ నేలకి ఆనించి నిలబడి ఉంది. ఆ పిల్ల వచ్చి కెప్టెన్‌ని గుద్దుకుంది. ఇద్దరూ పడ్డారు. కుర్ర రిఫరీ విజిల్ ఊది ఫౌల్ కెప్టెన్‌దే అన్నాడు.

కోచ్ నోరు తెరిచింది. తనకెందుకని మూసేసింది.

"రిఫరీ!"

కేక జనంలోంచి వచ్చింది. మూడో వరసలో గళ్ళ చొక్కా వేసుకున్న మనిషి లేచి నిలబడ్డాడు.

"నిలబడ్డ మనిషి మీదకొచ్చి పడితే ఫౌల్ నిలబడ్డవాళ్ళదా? కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?"

స్కోరు బల్ల దగ్గర ఆంటీ పెన్సిల్ జారవిడిచింది. కుర్ర రిఫరీ కోపంగా అటు తిరిగాడు. తిరిగి, నిలువునా నీరైపోయాడు. అతనికి విజిల్ పట్టుకోవడం నేర్పింది ఆ గళ్ళ చొక్కాయే.

"కూర్చోండి సార్, వెనకవాళ్ళకి కనపడట్లేదు," అని ఎవరో చొక్కా పట్టి లాగారు. రాయి కూర్చున్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. బెంచి మీద పిల్లలంతా వెనక్కి తిరిగి నోళ్ళు తెరిచి చూస్తున్నారు.

కోచ్‌కి నవ్వొచ్చింది. ఆపుకోవడానికి తువ్వాలు దొరకలేదు.

అక్కణ్ణుంచి ఆమె గొంతు ఆమెకి తిరిగొచ్చింది. "కాళ్ళు కదపండే! నిద్రపోవడానికి వచ్చారా?" అని హాలు దద్దరిల్లేలా అరిచింది. పిల్లలు హమ్మయ్య అనుకున్నట్టు పరిగెత్తారు. కుర్ర రిఫరీ రెండుసార్లు, "మేడమ్, గీత" అన్నాడు. నాలుగు పాయింట్లతో గెలిచారు.

జనం మెట్లు దిగి వెళ్ళిపోతున్నారు. అతను మూడో వరసలోనే కూర్చుని ఉన్నాడు. కోచ్ కింద నిలబడి గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటోంది. కెప్టెన్ చెమట తుడుచుకుంటూ పక్కకి వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది.

"ఒసేయ్ నిచ్చెనా," అంది. "వెళ్ళవే. బస్సు ఆపుతాలే."

కోచ్ ఆమె మొహంలోకి చూసింది. కెప్టెన్ నాలిక కరుచుకోలేదు.

కోచ్ మెట్లెక్కింది. ఒక్కో మెట్టు మీదా కుడికాలు ముందు పెడుతూ.

"మీ గొడుగు."

"మీ దగ్గరే ఉంచండి. మబ్బుగా ఉంది."

"నేనున్న కోర్టులో ఊదలేనన్నారట. అంత ఒళ్ళు మండిందా నా మీద?"

"ఒళ్ళు మండితే ఇబ్బంది లేదు, మేడమ్. ఒళ్ళు మండినా సరిగ్గానే ఊదుతాం. అది అలవాటే."

"మరి?"

అతను చేయి గుండె మీదకి పోనిచ్చాడు, విజిల్ కోసం. మెడలో విజిల్ లేదు. చేతికి ఏం చెయ్యాలో తోచక చొక్కా గుండీ పట్టుకుంది.

"వాన రోజు మీరు గీత దాటారు. రెండు కాళ్ళూ దాటారు. నేను చూశాను. విజిల్ నోట్లోనే ఉంది. ఊదబుద్ధి కాలేదు. అన్నేళ్ళలో నాకు అలా ఎప్పుడూ కాలేదు. ఆ మ్యాచ్ మీరు గెలిచారు. నేను ఊదుంటే గెలిచేవాళ్ళో లేదో తెలీదు. అలాంటివాడు అక్కడ ఉండకూడదు. మర్నాడు పొద్దున్నే లీగ్ ఆఫీసుకెళ్ళి అదే చెప్పాను."

"ఏమని?"

"ఆవిడ ఉన్న కోర్టులో నా కళ్ళు ఒకవైపే చూస్తున్నాయని."

ఆంటీ దాకా వచ్చేసరికి ఆ మాట తోక పోగొట్టుకుందన్నమాట. కోచ్ అతని పక్క సీటులో కూర్చుంది, మోకాలు నొప్పి వంక పెట్టుకుని.

"ఫైనల్ వదులుకున్నారు."

"టిక్కెట్టు కొనుక్కున్నా. జనంలో కూర్చుంటే ఒకవైపే చూడొచ్చు. ఎవరూ తప్పుపట్టరు."

"ఆ పిల్లాణ్ణి మాత్రం మరీ అంత మాటన్నారు."

"నాకు వేరే మాటలు రావని మీరేగా అన్నారు."

బయట వాన మొదలైంది. ఇద్దరూ ఒకే గొడుగు కింద బస్సు దాకా నడిచారు. ఆమె ఎత్తుకి అతను చేయి పైకి చాపి పట్టుకోవాల్సి వచ్చింది. ఊరికి లోకల్ బస్సు దొరుకుతుందిలే అని అతను నసుగుతుండగా, కెప్టెన్ డ్రైవర్ వెనక సీటు మీది బ్యాగు తీసి పైన అటకలోకి విసిరేసింది.

"ఇక్కడ ఎవరూ లేరుగా? కూర్చోండి సార్," అంది. ఆఖరి వరసలోంచి ఈలలు వినిపించాయి. కోచ్ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ ఆపలేదు.

బస్సు కదిలింది. అతను సీటు అంచున నిటారుగా కూర్చున్నాడు. సీటు మధ్యలో ఇద్దరి చోట్లనీ వేరు చేస్తూ కుట్టు ఒకటి ఉంది. కాసేపటికి ఆమె ఎడమ కాలు చాపుకుంది. ఆ కాలికి చోటు చాల్లేదు. మోకాలు కుట్టు దాటి అతని వైపు వెళ్ళింది.

"గీత," అంది ఆమె.

"చూశాను," అన్నాడు అతను. కొంచెం కూడా జరగలేదు.