ఆఖరి అతుకు

"ఆపరేటర్‌ను చంపేశారు," అన్నాడు చీఫ్. "డ్రమ్ము మాత్రం వాళ్లకు దొరకలేదు."

బాబాయ్ ఆవలింత ఆపుకున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరికీ ఆయన బాబాయే. ఫీల్డులో తిరిగి తిరిగి మోకాళ్లు అరిగిపోయాక, ట్రైనింగ్ స్కూల్లో కొత్త ఏజెంట్లకు జీపు రిపేర్లు నేర్పే పనిలో పడేశారు. నీడపట్టున ఉండే పని, హాయిగానే ఉండేది. ఇప్పుడు ఆ హాయికి కూడా నూకలు చెల్లినట్టే ఉంది.

చీఫ్ బ్రీఫింగ్ ఎప్పటిలాగే గుక్క తిప్పుకోకుండా సాగింది. ఎడారి చివర ఉన్న రేడియో పోస్టు మీద 'గాజుకన్ను' అనే విదేశీ ముఠా దాడి చేసింది. సిగరెట్ డబ్బా అంత ఉండే సైఫర్ డ్రమ్ము, అంటే రహస్య మెసేజ్‌లు విప్పే పరికరం, ఇంకా అక్కడే వాటర్ ఫిల్టర్ అడుగున ఉంది. అది ముఠా చేతికి చిక్కితే, సరిహద్దు అవతల నుంచి మన ఏజెంట్లు పంపే ప్రతి మెసేజ్ చదివేస్తారు. ఒక్కొక్కరినీ ఇంటికెళ్లి మరీ పట్టుకుంటారు. అవతల గడియారాలు బాగుచేసేవాడి వేషంలో ఉన్న ఏజెంటు బాబాయ్ సొంత తమ్ముడు. ఆ సంగతి చీఫ్ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం కూడా లేదు.

"ఇంతమంది కుర్రాళ్లుండగా నేనే ఎందుకు?"

"ఆ దారిలో టైర్లు నిలవవు. కుర్రాళ్లది క్లాసులో చూసిన పనే. చేత్తో టైరు విప్పి బిగించగలిగేవాడివి నువ్వొక్కడివే మిగిలావు. తోడుగా మెరుపు వస్తుంది."

మెరుపు అన్నది ఆమె కోడ్ నేమ్. ఐదు భాషలు మాట్లాడుతుంది, ఎంత ఎండలోనైనా కాటుక చెదరదు. హ్యాండ్ బ్యాగులో ఉన్న లిప్‌స్టిక్ నిజానికి రెండు బుల్లెట్ల పిస్తోలు. బాబాయ్ దగ్గరే ట్రైనింగ్ అయింది. కిందటేడు డిపార్ట్‌మెంట్‌లో ఒక ద్రోహి దొరికాడు. ఆ తర్వాత అందరూ ఊపిరి పీల్చుకుని ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. బాబాయ్ కూడా అంతే.

ఆమె జియాలజిస్టు మేడం, ఆయన డ్రైవరు. ఆ వేషాల్లో పోస్టు చేరేసరికి ఒళ్లు హూనమైంది. బతికి బయటపడ్డ గార్డు ఒకడు గోడ చాటు నుంచి తుపాకీ గురిపెట్టి, నీళ్లెలా ఉన్నాయని అడిగాడు. ఉప్పగానే ఉన్నాయని బాబాయ్ కోడ్ ప్రకారం జవాబిచ్చాడు. ఫిల్టర్ విప్పి డ్రమ్ము తీసుకుని వెంటనే తిరుగుముఖం పట్టారు.

మొదటి పంక్చర్‌కు స్పేర్ టైరు అయిపోయింది. పొద్దు వాలుతుండగా రెండోది పడింది. బాబాయ్ ఉసూరుమంటూ దిగాడు. ఎందుకైనా మంచిదని అతుకుల డబ్బాలోంచి ఒకటి తీసి టోపీ మడతలో పెట్టుకున్నాడు. ఇలాంటి దారుల్లో ఒకటి ఒంటిమీద దాచుకోవడం ఆయనకు పాత అలవాటు. జాకీ తీసుకుని ఇటు తిరిగేసరికి లిప్‌స్టిక్ ఆయన గుండెకేసి చూస్తోంది.

"త్వరగా కానివ్వండి బాబాయ్. ఎండిపోయిన సరస్సులో గాజుకన్ను ప్లేన్ దిగుతుంది. పొద్దు గుంకేదాకానే ఆగుతుంది."

కోపం రావాల్సింది. అలసటే వచ్చింది. చిన్నప్పుడు కరెంటు పోతే తన చొక్కా పట్టుకుని వదలని తమ్ముడు గుర్తొచ్చాడు. బాబాయ్ వంగి నట్లు వదులు చేశాడు.

చక్రం ఊడదీసి, వాల్వు పిన్ను విప్పి మిగిలిన గాలి వదిలేశాడు. టైరు అంచు రిమ్ముకు అతుక్కుపోయి ఉంది. చక్రాన్ని జీపు బంపర్ కింద పడుకోబెట్టి, టైరు పక్కభాగం మీద జాకీ నిలబెట్టి పైకి లేపాడు. జీపు బరువంతా పడి అంచు టప్పున ఊడింది. లివర్లతో టైరు తప్పించి ట్యూబు బయటికి లాగాడు. గాలి కొట్టి, నీళ్లలో ముంచి బుడగ వచ్చిన చోట గుర్తుపెట్టుకున్నాడు. రుద్ది, సొల్యూషన్ రాసి, ఆరేదాకా కూర్చున్నాడు. డబ్బాలో ఆఖరి అతుకు అదేనని చెప్పి అంటించాడు.

"ముల్లు తీయకుండా ట్యూబు పెట్టేస్తారేమో. నాకు క్లాసు గుర్తుంది. లోపల చెయ్యి తిప్పి చూడాలన్నారు," అందామె.

బాబాయ్ టైరు లోపల చెయ్యి పెట్టి చుట్టూ తిప్పాడు. పట్టకారుతో ముల్లు లాగి ఆమెకు చూపించాడు. ఆమె తృప్తిగా నవ్వింది. తర్వాత పంపు కొట్టీ కొట్టీ ఆయన భుజాలు పడిపోయాయి.

డ్రమ్ము తీసుకుని ఆమె జీపెక్కింది. కాల్చడానికి మనసొప్పలేదో, ఎడారి ఎలాగూ ఆ పని చేస్తుందనుకుందో, ఒక నీళ్ల సీసా కిందికి విసిరింది.

"గురుదక్షిణ, బాబాయ్."

జీపు కనుమరుగయ్యాక బాబాయ్ సగం సీసా తాగి, చక్రాల జాడ వెంట నడక మొదలుపెట్టాడు. ఇందాక టైరు లోపల, మొదటి ముల్లుకు జానెడు దూరంలో ఇంకోటి తగిలింది. అది ఇంకా ట్యూబు దాకా రాలేదు, కొన మాత్రం వేలికి గుచ్చుకుంది. దాన్ని అలాగే వదిలేశాడు. బండి బరువు పడ్డాక అది తన పని తాను చేసుకోవాలి. చేస్తుందో చేయదో తెలియదు. ముల్లు విరిగిపోతే తమ్ముడి పని అయిపోయినట్టే. మోకాళ్లు నొప్పెడుతున్నా అందుకే ఆగలేదు.

దూరంగా ప్లేన్ ఇంజన్ మోత వినబడింది. పరుగెత్తే ఓపిక లేక గబగబా ఇసుక దిబ్బ ఎక్కాడు. కింద జీపు ఒక పక్కకు ఒరిగి ఉంది, రిమ్ము ఇసుకలో సగం కూరుకుపోయింది. సూర్యుడి ఆఖరి అంచు దిగిపోతుండగా ప్లేన్ వాళ్ల తలల మీదుగా వెళ్లిపోయింది. ఒక్కసారైనా చుట్టు తిరగలేదు.

మెరుపు చక్రం పక్కన కూలబడి ఉంది. గోళ్లు విరిగి చేతులు రక్తమయమయ్యాయి. ఎలాగో చక్రం ఊడదీసింది గానీ టైరు రిమ్మును వదల్లేదు. ఆయన్ను చూసి లిప్‌స్టిక్ ఎత్తింది. కాటుక చెంపల దాకా కారింది.

బాబాయ్ టోపీ తీసి మడతలోని అతుకు చూపించాడు. "కాల్చుకో. ఆ తర్వాత టైరు ఎవరు విప్పుతారు?"

ఆమె వెళ్లిపోయిన ప్లేన్ వైపు ఒకసారి చూసింది. లిప్‌స్టిక్, దాని వెనకే డ్రమ్ము ఇసుకలోకి విసిరేసింది. డ్రమ్ము చొక్కా లోపల దాచుకున్నాక బాబాయ్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి బద్ధకమేసి అలాగే ఉండనిచ్చాడు.

ఆయన అంచు ఊడగొట్టాడు. మిగతా పని ఆమెతోనే చేయించాడు. టైరు లోపల తడుముతూ ఆమె ఉలిక్కిపడి, ముల్లు బయటికి లాగింది. దాన్నే చాలాసేపు చూసింది.

"డిపార్ట్‌మెంట్‌లో నీతో పాటు ఇంకెవరున్నారు?" అని అడిగాడు బాబాయ్.

"ఎవరూ లేరు. నేనొక్కదాన్నే."

బాబాయ్ మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా ఇసుకలో కూర్చున్నాడు.

"కిందటేడు ఒక ముల్లు దొరకగానే ఊరుకున్నాం. చెయ్యి ఇంకోసారి తిప్పమ్మా," అన్నాడు.