తాళం వేసిన స్కాన్ గది

ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ కొలతలు మా అక్క వేళ్ళకు కంఠతా వచ్చు. కుట్టుపని ఆమెది. అలాంటిది తన ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలితే మాత్రం, "మిషన్ మీద ఒంగి ఒంగి నరం పట్టేసి ఉంటుందిలే" అని నవ్వేసింది. నేనే బలవంతంగా సర్కారు ఆసుపత్రికి లాక్కెళ్ళాను.

డాక్టరమ్మ స్కాన్ రాసింది. మిషన్ చెడిపోయింది, బాగయ్యాక రమ్మన్నారు. మళ్ళీ వెళితే డాక్టరమ్మ బదిలీ అయిపోయింది. కొత్తాయన అంతా మొదటి నుంచి చూడాలన్నాడు. తిరిగి తిరిగి మా చెప్పులు అరిగాయి. గడ్డ మాత్రం పెరిగింది.

అలా వెళ్ళిన ఓ సాయంత్రం వానకు ఆసుపత్రిలో కరెంటు పోయింది. పొడవాటి వసారాలో మేమిద్దరమే మిగిలాం. తడిసిన గోడల వాసన, ఫినాయిలు వాసన. ఎక్కడో కుళాయి కారుతోంది. నేను మంచినీళ్ళు పట్టుకొచ్చేసరికి బెంచీ మీద అక్క లేదు.

స్కాన్ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల చీకటి... అందులోంచి ఎవరిదో గొంతు.

"చెయ్యి పైకెత్తు తల్లీ... ఊపిరి బిగబట్టు..."

"అక్కా!" అని అరిచాను.

తలుపు దభీమని మూసుకుంది. తోశాను. కదల్లేదు. చూస్తే... బయట గొళ్ళేనికి తాళం!

నా కేకలకు నర్సు పరుగెత్తుకొచ్చింది. "లోపల మనిషా? మిషన్ చెడినప్పటి నుంచి ఈ తాళం తియ్యనే లేదమ్మా!" అంటూనే తాళం తీసింది.

దుమ్ము పట్టిన మిషన్‌కు ఆనుకుని అక్క నిలబడి ఉంది. చెయ్యి ఇంకా పైకే ఉంది.

"ఎవరక్కా లోపల?" గుసగుసగా అడిగాను.

"ఎవరో పెద్దావిడే. చేతులు మంచుగడ్డలు. చంక దాకా పాకింది, ఇన్నాళ్ళూ ఏం చేశావని తిట్టింది." అక్క చెయ్యి దించింది. "రమ్మన్నప్పుడల్లా వచ్చానమ్మా అన్నాను... తనూ అలాగే వచ్చేదట."

కొత్త డాక్టరుకు చెబితే, "చీకట్లో భయపడి ఉంటుంది" అన్నాడు. మళ్ళీ వాయిదా.

పక్క గదిలోకి కొత్త మిషన్ వచ్చేసరికి చలికాలం కూడా గడిచిపోయింది. అప్పుడు తేలింది. కేన్సరే. చంక దాకా పాకింది.

"కాస్త ముందే రావాల్సిందమ్మా" అన్నాడు డాక్టరు.

అక్క నా వైపు చూసింది.

మందు ఎక్కించే వార్డుకు ఆమెను చక్రాల కుర్చీలో తోసుకుంటూ అదే వసారాలోంచి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. పాత స్కాన్ గదికి తాళం అలాగే వేలాడుతోంది. దాటబోతుంటే, తలుపు అవతల నుంచి మెల్లగా... చాలా దగ్గరగా...

"ఈవిడది అయింది. వెనకామెను పంపండి."

అక్క వెనక నేను తప్ప ఎవరూ లేరు.