శిలాపురంలో ఉడకని అన్నం

ఆ ఏడు వానాకాలంలో శిలాపురం రాజ్యంలో అన్నం ఉడకడం మానేసింది. కట్టెలు మండేవి, ఎసరు కుతకుతలాడేది, బియ్యం మాత్రం గులకరాళ్లలా అడుగున కూర్చునేవి. రాజు కనకసేనుడి వంటశాల మొదలు కోట కావలివాడు జకరయ్య గుడిసె దాకా అదే గతి. పెద్దలు పచ్చి బియ్యం నమిలి బతుకుతున్నారు. పసివాళ్లు నమలలేరు కదా! జకరయ్య కూతురు తబిత చంకలో రెండేళ్ల తమ్ముడు ఏడ్చే ఓపిక కూడా లేక వాలిపోయాడు. వాడు వచ్చే ఆదివారం చూస్తాడన్న ఆశ ఎవరికీ లేదు.

తబిత తమ్ముణ్ణి తండ్రి చేతిలో పెట్టి, కొండగుహలో ప్రార్థనలో గడిపే సన్యాసి దగ్గరికి పరుగెత్తింది.

"మందిరంలో పిడికెడు బియ్యం కుండ ఎవరి కోసమమ్మా?" అని అడిగాడాయన.

"దిక్కులేని పరదేశి కోసం, తాతా. వండబోయే ముందు ప్రతి ఇంట్లోనూ పిడికెడు తీసి అందులో వేస్తాం."

"మరి పోయిన నెల, యుద్ధంలో ఊరు తగలబడి, నలభైమంది పరదేశులు మీ కోట గుమ్మం ముందు మూడు రోజులు నిలబడ్డారే?"

తబిత తల దించుకుంది. తలుపు మూయించింది రాజు. గడియ వేసింది తన తండ్రి. లోపల కుండ నిండి పొర్లుతూనే ఉంది.

"మనం మొక్కే ప్రభువూ పసితనంలో ఒక రాజు కత్తికి జడిసి, తల్లి ఒడిలో పొరుగుదేశం పారిపోయినవాడే. ఆ దేశం తలుపేసి ఉంటే? ఆ నలభైమందిలో ఒక్కరి చెయ్యి ఆ బియ్యాన్ని ఎసట్లో పోస్తేనే ఈ శాపం తీరుతుంది. వాళ్లు కొండ కింది అడవిలోకి పోయారు. పో తల్లీ!"

మిట్టమధ్యాహ్నం కూడా వెలుగు దిగని అడవి అది. ముళ్లు కాళ్లు చీల్చాయి. ఊబి మోకాళ్ల దాకా మింగి వదిలింది. వాటికి తబిత ఏడవలేదు. ఒకచోట చంటిపిల్ల కాలి గజ్జె దొరికింది, పక్కనే తెల్లగా నాకేసిన ఎముకలు. అప్పుడు ఏడ్చింది.

"రా, కావలివాడి కూతురా!" కంకాళుడనే రాకాసి పళ్లు కుట్టుకుంటూ పిలిచాడు. "మీ నాన్నకు నా దణ్ణాలు చెప్పు. వేటాడే పనే లేదు నాకు. మీరు తలుపేస్తే చాలు, నా విస్తరి నిండుతుంది."

వాడి వెనక రాతిసందులో, ఆ నలభైమందిలో పదకొండుగురే మిగిలారు.

"నీకు ఒక్క చెయ్యి చాలుగా? మంచిది ఏరుకుని పో. నీ తమ్ముడు బతుకుతాడు. మిగతావాళ్లు నాకు."

మీ దగ్గర దాచడమెందుకు, తబిత మనసు ఒక్క క్షణం ఊగింది. అంతలో సందులోంచి ఒక ముసలమ్మ తన మనవరాలిని ముందుకు తోసింది. "దీన్ని తీసుకుపో అమ్మా. మా బతుకులు అయిపోయాయిలే." తబితకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది.

"అందరూ వస్తారు. వీళ్లు మా చుట్టాలు!"

రాకాసి నవ్వు ఆగిపోయింది. "'నావాళ్లు' అనేవాళ్లున్న మనిషిని నేను ముట్టకూడదు. కానీ చుట్టాలైతే మీ గడప దాటాలి. దాటకపోతే నీతో కలిపి పన్నెండుగురు!"

దారంతా వాడి ఊపిరి వాళ్ల మెడలకు వెచ్చగా తగులుతూనే ఉంది. పొద్దు వాలుతుండగా కోట కనిపించింది. తలుపు మూసే ఉంది.

"తెరిచావో జకరయ్యా, తల తీయిస్తా!" బురుజు మీంచి రాజు అరిచాడు.

"నాన్నా, ఈసారి బయట నేను కూడా ఉన్నాను" అంది తబిత.

రాకాసి ఒక్కడుగు ముందుకు వేశాడు.

"కన్నబిడ్డ బయట నిలబడితే గానీ తెలిసిరాలేదు, ఛీ నా బతుకు!" అంటూ జకరయ్య గడియదుంగ లాగి పారేశాడు. పన్నెండుగురూ లోపలికి దూకారు. వెనకే, ముట్టకూడనివాళ్ల గడప మీద మోపిన రాకాసి కాలు బూడిదైంది, ఆపైన వాడూ బూడిదయ్యాడు.

ఆ దుంగనే చీల్చి పొయ్యిలో పెట్టారు. ముసలమ్మ తన చేత్తో మందిరం కుండలోని బియ్యం ఎసట్లో పోసింది. కాసేపటికి ఊరంతా అన్నం వాసన! తబిత మెత్తగా పిసికిన ముద్దను తమ్ముడు గుటుక్కున మింగి మళ్లీ నోరు తెరిచాడు.

ఎవరి తలా తెగలేదు. రాజు దిగివచ్చి, భోజనాల బంతిలో చిట్టచివర కూర్చున్నాడు. వరసలో ఖాళీగా వేసి ఉన్న ఆకులు చూసి, "ఈ ఇరవై తొమ్మిదీ ఎవరివి?" అని అడిగాడు.

"మన ఆలస్యానికి బలైనవాళ్లవి, ప్రభూ" అంది తబిత.

రాజు చేతిలోని ముద్ద చాలాసేపు నోటికి వెళ్లలేదు. ఆ తర్వాత కోట కావలి తబితకే అప్పగించాడు. తలుపుకు కొత్త గడియ చేయించమని ఆమె ఏనాడూ అడగలేదు.