గోడ దగ్గర ఐదో చెయ్యి

"ఈవిడెవరో నాకు తెలీదు," అంది బుడంకాయ.

పొద్దున పిన్ని జడ కాస్త గట్టిగా లాగి వేసింది. రెండో తరగతి చదివే మనిషికి పగ తీర్చుకోడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

స్కూలు బస్సు మెట్టు మీద బుడంకాయ, కింద వానలో పిన్ని, మధ్యలో తలుపుకి అడ్డంగా చెయ్యి పెట్టిన డ్రైవరు. కుర్రాడే గానీ అడుగడుక్కీ బ్రేకు వేస్తాడని పిల్లలు అతన్ని బ్రేకు మావయ్య అంటారు.

"నేను దీని పిన్నినండీ! వాళ్లమ్మకి సొంత చెల్లెల్ని. నిన్ననే ఊళ్లోకొచ్చాను."

"కావచ్చండీ. పాప తెలీదంటోందిగా."

"దానికి తిక్క! మా ముక్కులు చూడండి, అచ్చు ఒకటే."

డ్రైవరు రెండు ముక్కుల్నీ మార్చి మార్చి చూశాడు. పెద్ద ముక్కు దగ్గర అవసరానికి మించి కాసేపు ఆగాడు.

"ముక్కులు చూసి పిల్లల్ని అప్పగించడం మా దగ్గర లేదండీ," అని తలుపు మూసేశాడు.

మెడలో కొలతల టేపు వేలాడుతుండగా ఆమె బస్సు వెనకాల పరుగెత్తింది. స్కూలుకి చేరి, అక్కకి ఫోను కలిపించి, పిల్లని చేజిక్కించుకునేసరికి నిలువెల్లా తడిసి ముద్దయింది.

"అసలు మీకు గుండె ఉందా?"

"ఉందండీ. అందుకే వెనక్కి తీసుకొచ్చేశాను."

కోపంలో ఆ ముక్కు ఇంకా బాగుందనిపించింది అతనికి. పైకి అంటే చెంప పగిలేదని కూడా తెలుసు కాబట్టి ఊరుకున్నాడు.

మర్నాటి నుంచి పిన్ని బస్సు కంటే ముందే స్టాపులో ఉండేది. ఆమె వచ్చీ రాగానే పనికి కుదిరిన కుట్టు దుకాణం ఆ వీధి చివరే. స్టాపంటే మూతపడ్డ గోడౌను ముందు ఖాళీ జాగా, దాని వెనక పొడవాటి తెల్లగోడ. అక్కడ దిగేది నలుగురు పిల్లలు. దిగినవాళ్లు దిగినట్టే గోడ దగ్గరికెళ్లి, వరసగా నిలబడి చెయ్యెత్తాలి. అతను అద్దంలో చేతులు లెక్కపెట్టుకున్నాకే బస్సు కదులుతుంది.

"దొంగల్ని పట్టుకున్నట్టు చేతులెత్తించి ఎంతసేపండీ?" అని పిన్ని ఒక వాన రోజున కిటికీ దగ్గరికొచ్చి దెబ్బలాడింది. "లెక్కపెట్టాల్సింది నలుగుర్నే కదా. మీకు నాలుగు తర్వాత ఏదొస్తుందో తెలీదా?"

అతను నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"తెలుసండీ," అన్నాడు అద్దంలోకి చూస్తూనే. మొహం పాలిపోయి ఉంది.

ఆ ఆదివారం అతను చొక్కా పట్టుకుని దుకాణానికి వచ్చాడు. చంక దగ్గర కుట్టు ఊడిందట. ఊడిన కుట్టు చూస్తే ఎవరో కావాలని లాగినట్టే ఉంది.

"బ్రేకులు వెయ్యడమే కాదు, కుట్లు పీకడం కూడా బాగానే వచ్చు మీకు!" అంది ఆమె మిషను మీద వంగి.

"ఇంక ఈ యూనిఫాంతో పనిలేదులెండి. ఉద్యోగం మానేస్తున్నా."

మిషను ఆగింది. "ఎందుకూ? నేను తిట్టాననా?"

"మీ తిట్లకి మానేసేవాణ్నయితే మొదటి రోజే మానేసేవాణ్ని," అని, అసలు సంగతి చెప్పేశాడు.

వాన రోజుల్లో అద్దంలో ముఖాలు కనపడవు. తెల్లగోడ మీద చేతులు మాత్రం నల్లగా కనిపిస్తాయి. దిగేది నలుగురు, కనిపించేవి ఐదు చేతులు. ఐదోది అన్నిటికంటే చిన్నది. దిగి చూస్తే నలుగురే ఉంటారు. సీట్లోకెక్కి చూస్తే మళ్లీ ఐదు.

"షెడ్డులో ముసలి మెకానిక్కుని అడిగాను. చాలా ఏళ్ల కిందట, ఇంకో డ్రైవరు, లెక్క చూసుకోకుండా ఆ స్టాపులోంచి కదిలాడట. ఓ బాబు బస్సు ముందు ఏదో ఏరుకోడానికి వంగాడు. గోడ దగ్గర చేతులెత్తడం ఆ తర్వాతే మొదలైందట."

పిన్ని నవ్వలేదు.

"ఆ చెయ్యంటే భయమా?"

"చెయ్యంటే కాదండీ. మన నలుగురిలో ఒకరు గోడ దాకా చేరని రోజు ఒకటి వస్తుంది. ఆ చేత్తో కలిపి లెక్క నాలుగు వస్తుంది. సరిపోయిందనుకుని నేను కదిలిపోతాను." "అదండీ భయం."

పిన్ని దారం కొరికింది.

"ఇన్నాళ్లూ ఆ చేతిని ఏం చేస్తున్నారు?"

"లేదనుకుని తీసేస్తున్నా."

"అదే తప్పు. నడుం కొలిచేటప్పుడు ఒకావిడ 'ఓ అంగుళం తగ్గించి రాసుకో అమ్మాయ్' అంటుంది. రాసుకున్నామా, గౌను పిగిలిపోతుంది. ఉన్నది ఉన్నట్టు కొలవాలి. ఆ బాబునీ కలుపుకోండి. వాన రోజున ఐదు వస్తేనే కదలండి. తక్కువైతే దిగి చూడండి." ఆమె గొంతు తగ్గింది. "ఒక్క రోజు ఎవరూ లెక్కపెట్టలేదనే కదా పాపం, అక్కడ నిలబడ్డాడు."

ఇన్నాళ్లలో ఆ చేతిని చూసి జాలిపడటం అతనికి తట్టనే లేదు.

"మీరు మానేస్తే, ముక్కు చూసి పిల్లల్ని ఇచ్చేసే డ్రైవరొస్తాడు," అంది ఆమె తల ఎత్తకుండా. "మానకండి."

అతను మానలేదు. చొక్కా మాత్రం అక్కడే మర్చిపోయి వెళ్లాడు. దానికోసం మర్నాడు మళ్లీ రావలసి వచ్చింది.

ఆ తర్వాత వాన పడ్డప్పుడల్లా అతను "ఐదు" అని పైకే అనేవాడు. ఆ మాట కోసమే ఆగినట్టు చిన్న చెయ్యి కిందికి దిగేది. అది దిగినప్పుడల్లా అతని మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. అయినా లెక్క మానలేదు.

ఒక సాయంత్రం మబ్బు కమ్మి పొద్దుండగానే చీకటి పడ్డట్టయింది. కుంభవృష్టి. దుకాణంలో ఎవరో వదలక పిన్నికి ఆలస్యమైంది. పిల్లలు దిగారు. గోడ మీద చేతులు లేచాయి.

ఒకటి, రెండు, మూడు, నాలుగు.

వెనక కారువాడు హారను మోత మోగిస్తున్నాడు. దిగింది నలుగురు, చేతులు నాలుగు. ఏ డ్రైవరైనా కదిలే లెక్కే. అతని కాలు బ్రేకు మీంచి సగం లేచింది కూడా.

ఐదు ఏదీ?

కాలు మళ్లీ దిగింది. హ్యాండు బ్రేకు లాగి, ఇంజను ఆపి, తాళం చేత్తో పట్టుకునే దూకాడు. సీట్లో కూర్చున్నవాడికి బస్సు ముక్కు ముందు నేల కనపడదు. అక్కడ ఏనుగు పిల్ల పడుకున్నా తెలీదు.

అక్కడ బుడంకాయ మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి బంపరు కిందికి పోనిచ్చి ఏదో వెతుకుతోంది.

"మావయ్యా, నా వాటర్ బాటిల్ మూత దొరికింది!"

అతను నీళ్లలోనే కూలబడి పిల్లని గుండెకి హత్తుకున్నాడు. గోడ దగ్గర ముగ్గురే పిల్లలున్నారు. మూడోవాడి పక్కన, తడిసి నల్లబడ్డ గోడ మీద, చిన్న అరచెయ్యంత మేర పొడిగా, తెల్లగా ఉంది. అతను చూస్తుండగానే వాన దాన్ని కప్పేసింది.

పిన్ని పరుగెత్తుకొచ్చింది. కూలబడ్డ అతన్నీ, అతని చేతుల్లో పిల్లనీ చూసి ఆగిపోయింది.

"లెక్క ఎంతొచ్చింది?"

"నాలుగు," అన్నాడు.

ఆమెకి అర్థమైంది. తను కుట్టిన చొక్కా చంక మళ్లీ పిగిలేంత గట్టిగా అతని చెయ్యి పట్టుకుని, అక్కడే ఏడ్చేసింది.

మళ్లీ వాన పడిన రోజు అద్దంలో ఐదు బదులు ఆరు చేతులు కనిపించాయి. అద్దం తుడిచి చూస్తే ఆరోది పొడుగ్గా ఉంది, మణికట్టుకి టేపు చుట్టుకుని ఉంది. కిటికీ దించి అరిచాడు.

"మీరెందుకండీ ఎత్తారు?"

"నన్నూ లెక్కలో కలుపుకుంటారేమోనని!" అని వానలోంచి అరిచింది పిన్ని. "కలుపుకోనంటే చెప్పండి, దించేస్తాను!"

"దించకండి!" అన్నాడతను, వీధంతా వినపడేలా. "జన్మలో దించకండి!"

పిల్లలు ఈలలు వేశారు. కబురు ఇంటికి చేరేసరికి అక్క ఎక్కువ ఆలోచించలేదు. "నా పిల్లని ఎవరికీ ఇవ్వనన్న మనిషికి నా చెల్లెల్ని ఇవ్వడానికి అభ్యంతరం ఏముంది?" అంది. బుడంకాయకి ఒక్కటే బెంగ. "అయితే మావయ్య కాదుగా, బాబాయి అవుతాడు. బ్రేకు బాబాయి అంటే బాగుంటుందా?"

పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాక కూడా పిన్ని గోడ దగ్గర నిలబడటం మానలేదు. ఒక వాన రోజు అతను అద్దంలో కొత్త సంగతి గమనించాడు. ఆమె కుడి చెయ్యి పైకి లేచి ఉంది. ఎడమ చెయ్యి పక్కకి, కాస్త కిందికి, వేళ్లు ముడుచుకుని ఉంది. ఆ పక్కన ఎవరూ లేరు. గోడ మీద, ఆ ఖాళీలోనే, ఐదో చిన్న చెయ్యి లేచి ఉంది.

"ఆ ఎడమ చెయ్యేంటి అలా పెట్టావ్?" అని దిగి అడిగాడు.

పిన్ని అరచెయ్యి విప్పి చూసుకుంది. వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"చల్లగా ఉంటుంది, అంతే," అంది మెల్లిగా. "మొదట్లో వణికేవాడు. ఇప్పుడు లేదు. నువ్వెళ్లి లెక్కపెట్టు, ఎదురుచూస్తున్నాడు."

అతను సీట్లోకెక్కి అద్దం సరిచేసుకున్నాడు. "ఆరు," అని పైకే అన్నాడు. అన్ని చేతులూ దిగేదాకా ఆగి, అప్పుడు బ్రేకు వదిలాడు.