రెండు సాళ్ల నీడ

“ఏమప్పా, చెట్లకు గుండు గీస్తాండావా?”

వసుధ అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడదు. బడిలో హాజరు పలికినా పక్క బెంచీకి వినిపించేది కాదు. కానీ నాయన గోవిందరాజులు కంటికి రెప్పలా పెంచిన టమాటా చెట్ల ఆకులను ఎవడో వచ్చి తుంచి పోస్తుంటే నోరు ఊరుకోలేదు.

అతను తిరిగి చూశాడు. పేరు నాగేంద్ర, ఊరు ధర్మవరం. హిందూపురం విత్తనాల కంపెనీ ఒకటి పెనుకొండ దగ్గర వీళ్ల పొలంలో కొత్తరకం టమాటా వేయించింది. దాన్ని చూసుకోవడం అతని ఉద్యోగం.

“గుండు కాదు, కటింగే,” అన్నాడు నవ్వాపుకుంటూ. “ఇది వంకాయ రంగు టమాటా. తోలు మీద ఎండ పడితేనే ఆ రంగు వస్తాది. ఇదో, ఈడ చూడు.”

కాయ ఊదాగా నిగనిగలాడుతోంది. ఆకు ఆనుకున్న చోట మాత్రం పచ్చటి మచ్చ, అచ్చం ఆకు ఆకారంలోనే.

“మా అవ్వ నన్ను ఎండలో తిరగొద్దంటాది, నల్లబడతానని.”

“నువ్వు టమాటావైతే మీ అవ్వే మెచ్చుకునేది.”

వసుధ నవ్వు దాచుకోవడానికి తల తిప్పుకుంది. నాగేంద్ర ఆమెకు పని నేర్పి, చివరి రెండు సాళ్లు అప్పగించాడు.

ఆ తర్వాత ఆమెకు పొలంలో పనులు ఎక్కువయ్యాయి. ఇంట్లో అవ్వకు అనుమానమూ ఎక్కువైంది. ఒక సాయంత్రం చినుకులు పడితే ఇద్దరూ మోటారు షెడ్డులో నిలబడ్డారు.

“ఈ వాన ఎప్పుడు నిలుస్తాదో,” అన్నాడు నాగేంద్ర.

“తొందరుంటే తడుస్తా పో.”

అతను కదల్లేదు.

ఆ రోజు అన్నం తింటూ నాయన మామూలుగానే అన్నాడు. “కాయ రంగు తిరిగితే ఆ అబ్బికి ఈడ పనేముంటాది? ఇంక యాడికో పోతాడు.”

వసుధ కంచం పక్కకు జరిపి లేచింది.

చెల్లెలి నిశ్చితార్థం పనులకని నాగేంద్ర మూడు వారాలు ధర్మవరంలో ఉండిపోయినప్పుడు, ఆమె తన రెండు సాళ్లలో పైఆకులు కిందికి లాగి, ఇంకా రంగు తిరగని లేత కాయల మీద కప్పి, దారంతో కట్టింది. రంగు రాకుంటే కాయ పండదు, పండకుంటే అతను పోడు. ఆమె లెక్క అంతే.

కాయలు ఆ లెక్క వినలేదు. నీడలోనే పండాయి, ఊదా జాడ లేకుండా, మామూలు టమాటాల్లా ఎర్రగా. భయపడి దారాలు విప్పేసింది.

నాగేంద్ర తిరిగొచ్చిన రోజే కంపెనీ ఆఫీసరు శివప్రసాద్ పంట చూడటానికి వచ్చాడు. అన్ని సాళ్లూ చూసుకుంటూ చివరికి వచ్చి ఆగిపోయాడు.

“ఏందప్పా ఇది? సంతలో దొరికే టమాటాకు ఇంత ఖర్చా?”

నాగేంద్ర ఒకసారి వసుధ వైపు చూశాడు. పని ఎగ్గొట్టిందనుకున్నాడు. “ఆకులు నేనే తీయించలేదు సార్. తప్పు నాదే.”

వసుధ చెట్ల చాటుకు తప్పుకుంది.

మరునాడు నిజం చెప్పాలని వెతుక్కుంటూ పోతే, పెనుకొండ బస్టాండులో అతను బ్యాగుతో కనబడ్డాడు.

“యాడికి?”

“ఇంటికే. పనిలోంచి తీసేసినారు.”

“ఆకులు నేనే కప్పి కట్టినా,” అంది నేల చూస్తూ. “నువ్వు పోకూడదని. రంగు రాకపోతే కాయ పండదనుకుంటి.”

నాగేంద్ర బ్యాగు కింద పెట్టాడు.

“రంగు వేరే, పండేది వేరే వసుధా. వెలుతురు లేకున్నా పండుతాది.” బస్సు వచ్చే దారి వైపు చూశాడు. “పంట బాగుంటే హిందూపురంలోనే పర్మనెంట్ చేస్తామనిరి. అది కాగానే మా అమ్మను మీ ఇంటికి పంపాలనుకుంటి.”

“నాతో ఒక్క మాట చెప్పుంటే?”

“నువ్వు చెప్తివా?”

వసుధ కళ్లు తుడుచుకుంది. “ఆ సార్‌కు ఫోన్ కలుపు.”

జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. అవతల శివప్రసాద్ గొంతు మెత్తగానే ఉంది. “ఆ పనికి నిన్ననే ఇంకొకరిని తీసుకున్నాం పాపా. ఇప్పుడు చెప్పి ఏం లాభం?”

ఆమె ఫోన్ తిరిగిచ్చేసింది.

“నాయనతో కూడా చెప్తా. నువ్వు మీ అమ్మను పంపు.”

“పని లేనోణ్ణి. ఏమని పంపేది?”

ధర్మవరం బస్సు వచ్చి నిలబడింది. నాగేంద్ర బ్యాగు భుజానికెత్తుకుని కూడా కదల్లేదు.

“ఎందుకు కట్టినావు ఆకులు?”

“చెప్పినా కదా.”

“ఇంకోసారి చెప్పు.”

కండక్టర్ విజిల్ వేశాడు.

“నువ్వు పోకూడదని,” అంది వసుధ.

“మా అమ్మకు ఇదే చెప్పి పంపుతా,” అని అతను తల ఊపి బస్సెక్కాడు.