జారుడుబండ ఉన్నది

నాంపల్లి స్టేషన్‌లో రైళ్ల రాకపోకలు చెప్పే గొంతు ఆ ఇంటికి గడియారం. ఆదివారమైనా అది ఊరుకోదు. ఆ గొంతు వినపడేసరికి హైందవి పాలు పొయ్యి మీద పెట్టింది. భర్త భూపాల్ తువ్వాలు భుజాన వేసుకుని, స్నానానికి వెళ్లకుండా ఫోను చూస్తూ నిలబడ్డాడు. ఐదేళ్ల కూతురు భవ్యశ్రీ గోడకీ మంచానికీ మధ్య ఉన్న మూరెడు చోటులో అటూ ఇటూ పరిగెడుతోంది. అటు పోతే గోడ, ఇటు వస్తే మంచం కోడు. మోకాలు ఠంగున తగిలింది. ఏడవలేదు. అమ్మా అనలేదు. మోకాలు రుద్దుకుని మళ్లీ పరుగందుకుంది.

ఆ అనకపోవడమే హైందవి దిగులు.

పిల్లకు మాటలు రావని కాదు. వస్తాయి, ఒకటీ అరా. 'పాలు', 'వద్దు', 'పోదాం'. మాటకు మాట చేర్చి నాలుగు ముక్కలు మాట్లాడేది ఒక్క చోటే, పబ్లిక్ గార్డెన్‌లో ఉయ్యాల మీద. కాళ్లు నేల విడిచాక గానీ దాని నోరు విడదు. "అమ్మా, చెట్టు కిందికి పోయింది, మళ్లీ వచ్చింది" అంటుంది. ఆ రెండు ముక్కల కోసం హైందవి అబిడ్స్‌లో పుస్తకాల షాపు ఉద్యోగాన్ని సగం పూటకు తగ్గించుకుంది. ఎండైనా వానైనా సాయంత్రం అయ్యేసరికి పిల్లను తీసుకుని అక్కడ ఉండాల్సిందే.

ఇప్పుడు ఆ ఉయ్యాలకే ఎసరొచ్చింది. నాంపల్లి కోర్టులో గుమాస్తాగా ఉన్న భూపాల్‌కు ప్రమోషన్ మీద ఎల్లారంపేట బదిలీ అయింది. చిన్న టౌను. చుట్టూ పల్లెలు. వాటిలో ఒకటి అతని తల్లి కిష్టవ్వ పుట్టిల్లు. వద్దంటే ప్రమోషన్ పోతుంది. హైందవి ఒకటే మాట చెప్పింది. అక్కడ పిల్ల ఆడుకోవడానికి ఒక్క మంచి చోటు చూపిస్తే సామాను తనే సర్దుతుంది. లేదంటే అతను అక్కడ, తామిక్కడ. ఆ మాట అన్న రోజు నుంచీ ఆ ఇంట్లో ఎవరికీ కాలు నిలవడం లేదు. భూపాల్ అన్నం సగంలో లేచిపోతాడు. హైందవి సర్దిన బట్టలే మళ్లీ సర్దుతుంది.

కింద నుంచి కిష్టవ్వ గొంతు వినపడింది. నల్లా దగ్గర బిందె పట్టుకుని రోజూ అనే మాటే. "జర జరుగున్రి అమ్మా, జర జరుగున్రి." ఆ వెంటనే ఎవరి కోడలి సంగతో చెబుతోంది, నలుగురూ నవ్వుతున్నారు. బిందె చంకనెత్తుకుని మెట్లెక్కి గడప దాటి లోపలికొచ్చాక మాత్రం ఆమె మాటలు బిందెలోనే ఉండిపోయాయి.

అది ఏడాదిగా సాగుతున్న వ్యవహారం. పిల్లకు మాటలు ఆలస్యమవుతున్నాయని చూపిస్తే, ఇంట్లో ఒక్క భాషే మాట్లాడండని డాక్టరు చెప్పాడు. ఇంగ్లీషు కలపొద్దని ఆయన ఉద్దేశం. హైందవి వాళ్లది ఏలూరు వైపు నుంచి వచ్చి తాతల నాడే ఖైరతాబాద్‌లో స్థిరపడ్డ కుటుంబం. ఆమె ఇంటికొచ్చి అత్తగారితో మెత్తగానే అంది, పిల్ల ముందు మీ మాట కాస్త తగ్గించండి అత్తయ్యా, 'వస్తది పోతది' నేర్చుకుంటే రేపు బళ్లో ఇబ్బంది అని. కిష్టవ్వ ఆ రోజు ఏమీ అనలేదు. ఆ తర్వాత కూడా ఏమీ అనలేదు. ఔ, కాదు, ఉన్నది, లేదు. ఇంట్లో ఆమెకు మిగిలినవి ఆ నాలుగు మాటలే. అందులో బాధెంతో పంతమెంతో ఎవరూ తూచి చూడలేదు.

మొన్న హైందవి మనసాగక ఆమెనే అడిగింది.

"అత్తయ్యా, ఎల్లారంపేటలో పిల్లలు ఆడుకునే చోటు ఏమైనా ఉందా?"

"జారుడుబండ ఉన్నది."

"ఉయ్యాల?"

"ఉయ్యాల గూడ ఏస్తరు."

"పెద్దదేనా?"

"మస్తు పెద్దది. మా చిన్నప్పటి సంది ఉన్నది."

హైందవి కళ్ల ముందు ఓ పాతకాలపు పార్కు కదిలింది. రంగు వెలిసిన ఇనుప జారుడుబండ, గొలుసుల ఉయ్యాల, వేపచెట్ల నీడ. మీ అమ్మ పార్కుందంటున్నారు అని భర్తకు చెప్పింది. తనకు తెలియకుండా కొత్తగా కట్టినట్టున్నారు, మంచిదే కదా అనుకున్నాడు భూపాల్. ఎవరూ ఎవరినీ రెండో మాట అడగలేదు.

అందుకే ఈ ఆదివారం ప్రయాణం. ఇమ్లీబన్ బస్టాండులో బస్సెక్కారు. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఇంటి మొత్తానికీ డబ్బులిచ్చి ప్రయాణం చేసేది తనొక్కడేనని భూపాల్ నవ్వించబోయాడు. హైందవి నవ్వలేదు. కిష్టవ్వ కిటికీ పక్కన కూర్చుని, బయట గుట్టలు మొదలైన దగ్గర నుంచీ పెదవులు కదుపుతూ వచ్చింది. పక్కనే మనుమరాలున్నా గొంతు మాత్రం బయటకు రానివ్వలేదు.

ఎల్లారంపేటలో దిగగానే భూపాల్ ఒక ఆటోను మాట్లాడాడు. మొదట పార్కుకు వెళ్లారు. ఉంది, లేకపోలేదు. రంగురంగుల గోడ, గోడ మీద సీతాకోకచిలుకలు, లోపల పచ్చటి ప్లాస్టిక్ జారుడుబండ. గేటుకు గుప్పెడంత తాళం. తుప్పు పట్టి తాళం, గొలుసు ఒకటైపోయాయి. ఎదురుగా చాయ్ బండి అతన్ని అడిగితే, ఓపెనింగ్ నాడు తీసి ఫోటోలు దిగి వేసిన తాళం అదేనని, చెవి ఎవరి దగ్గరుందో దేవుడికెరుక అని చెప్పాడు. భవ్యశ్రీ గేటు ఊచల మధ్య నుంచి చెయ్యి దూర్చి, అందని జారుడుబండ వైపు వేళ్లు ఆడించింది. హైందవి ఆ చెయ్యి వెనక్కి తీయించింది.

బడి మైదానం చూద్దామన్నాడు భూపాల్. అక్కడ ఈ మూల నుంచి ఆ మూల దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. పిల్లలు వడ్ల మీద తొక్కకుండా ఒక ముసలాయన కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాడు. ఊరి చివర 'క్రీడా ప్రాంగణం' అని బోర్డుంది, బోర్డు వెనక తుమ్మచెట్లు, తుమ్మచెట్ల మధ్య రెండు ఇనుప స్తంభాలు, స్తంభాలకు ఒళ్లు రుద్దుకుంటూ మేకలు. ఒక్కొక్క చోటు చూసేకొద్దీ హైందవి నడక వేగం పెరిగింది, మాట తగ్గింది. చెమట తుడుచుకుంటూ వెనక వస్తున్న భూపాల్, పిల్లను ఎత్తుకోనా అని అడిగితే, ఎత్తుకుని ఎక్కడికి తీసుకుపోతారని ఎదురడిగింది.

చివరికి అత్తగారి వైపు తిరిగింది. మీరు చెప్పిన జారుడుబండ ఎక్కడ అత్తయ్యా అంది. కిష్టవ్వ ఆటోవాడికి దారి చెప్పింది. టౌను దాటి, చెరుకురసం మిషను పక్క నుంచి మట్టిబాటలో కొంత దూరం పోయి ఆగారు. కిష్టవ్వ దిగి, కొంగు నడుముకు చుట్టి, వేలు పెట్టి చూపించింది.

ఎదురుగా ఏనుగు పడుకున్నట్టు ఒక పెద్ద బండ. ఒక పక్కన పై నుంచి కింది దాకా, మనిషి వెడల్పున, నున్నగా నల్లగా మెరుస్తున్న చార. కింద ఇసుక. దానికి ఆనుకుని చింతచెట్టు, కొమ్మకు మోకు ఉయ్యాల. ఊరి పిల్లలు నలుగురైదుగురు తంగేడు కొమ్మలు విరిచి, ఆకుల మీద కూర్చుని జర్రున జారుతున్నారు.

"ఇదా?" అంది హైందవి. "ఇది రాయి కదా అత్తయ్యా."

"బండ. జారుడుబండ."

భూపాల్‌కు అప్పుడర్థమైంది. నవ్వు పెదవుల దాకా వచ్చి, భార్య ముఖం చూసి లోపలికి పోయింది. హైందవి మాత్రం పొద్దున్నుంచీ బిగబట్టిందంతా ఒక్కసారిగా వదిలేసింది. తెల్లవారుజామున లేపి, బస్సులో కుదిపి, పిల్లను ఎండలో తిప్పి, ఈ రాయిని చూపించడానికా తీసుకొచ్చారు? దీని మీద నుంచి పడితే తల ఏమవుతుంది? తనను ఎలాగైనా ఈ ఊరికి రప్పించాలని తల్లీకొడుకులు కూడబలుక్కున్నారా? అమ్మ అబద్ధం చెప్పలేదు, మనమే సరిగ్గా అడగలేదని భూపాల్ సర్దిచెప్పబోయాడు. అది నిప్పు మీద నూనె అయింది.

"నిజమే. అబద్ధం చెప్పలేదు. కానీ ఇది రాయి అని ఒక్క మాట, ఒక్క మాట చెప్తే ఏం పోయేది మీకు?"

కిష్టవ్వ బండ మీద చెయ్యి వేసి నిమిరింది.

"ఉన్నదా అన్నవు. ఉన్నదన్న. ఎసొంటిదని నువ్వు అడగలే, నేను చెప్పలే." గొంతు సవరించుకుంది. "ఎక్కువ మాట్లాడితే పిల్ల మాట ఖరాబైతదంటివి గదా బిడ్డా. ఏడాది సంది నోరు కట్టుకొని ఉన్న. నల్లా కాడ గా నాలుగు ముచ్చట్లు లేకుంటే పిచ్చి లేస్తుండె నాకు. గీ బండ ముచ్చట చెప్పాలంటే నాకు ఒక పూట గావాలె. నీ ఇంట్ల నాకు నాలుగు మాటలకే జాగ ఉన్నది."

హైందవికి తగిలింది ఆ చివరి మాట. నీ ఇంట్లో అంది. మన ఇంట్లో అనలేదు. ఏడాదిగా తాను పిల్ల కోసం ఒక ఉయ్యాల వెతుకుతూ, కథలు తెలిసిన ఒక మనిషిని ఇంట్లోనే తాళం వేసి కూర్చోబెట్టింది. పొద్దున చూసిన గేటు గుర్తొచ్చి కళ్లు దించుకుంది.

ఈ గొడవలో పిల్లను ఎవరూ చూడలేదు. చూసేసరికి భవ్యశ్రీ బండ వెనక మెట్టులా ఉన్న వాలు మీదుగా పైకెక్కేసింది. ఎవరిచ్చారో చేతిలో తంగేడు కొమ్మ. హైందవి పరిగెత్తబోతే కిష్టవ్వ చెయ్యి పట్టుకుంది, పిలవకు, పిలిస్తే వెనక్కి తిరిగి పడ్తది అని గుసగుసగా చెప్పి, తనే కింద ఇసుకలో చేతులు చాచి నిలబడింది. పిల్ల కొమ్మ మీద కూర్చుంది. కాళ్లు చాపింది. జర్రున వచ్చి నాయినమ్మ చేతుల్లో పడింది. గౌను వెనక చిరిగింది. ఆకుపసరు కాళ్లంతా అంటుకుంది.

లేచి మళ్లీ పైకి పరిగెత్తింది. పైన పిల్లలు వరుస కట్టి ఉన్నారు. భవ్యశ్రీ వాళ్ల వెనక నిలబడి, నడుము మీద చెయ్యి పెట్టి, అచ్చం నల్లా దగ్గరి గొంతుతో అంది.

"జర జరుగున్రి. మా నాయినమ్మ గూడ జారుతది."

కాళ్లు నేల మీదే ఉన్నాయి. అయినా నోరు విడింది.

జారుతుంది అనాలమ్మా అని హైందవి అనలేదు. అనబోయిందో లేదో ఆమెకే తెలియదు, కళ్లలో నీళ్లు తిరిగి బండంతా మసకైపోయింది. ఏడాదిపాటు నల్లా దగ్గరి మాటలన్నీ మెట్లెక్కి వచ్చి ఈ చిన్న బొజ్జలో చేరి కూర్చున్నాయన్నమాట. తాను తలుపు వేశాననుకున్న చోటే ఆ పిల్ల చెవి పెట్టింది.

"పిలుస్తోంది కదా అత్తయ్యా. వెళ్లండి."

"నడుములు విరుగుతయి."

"అయితే మీ అబ్బాయిని పంపండి."

భూపాల్ వెళ్లాడు. సగం దాకా బాగానే జారాడు. ఆ తర్వాత కొమ్మ ఒకటి, అతనొకటి అయ్యారు. ప్యాంటు ఎక్కడ చిరిగిందో చెప్పకుండా, చొక్కా బయటికి లాక్కుని లేచాడు. కిష్టవ్వ నవ్వింది. ఊరికే నవ్వలేదు, ఇసుకలో కూలబడి, కడుపు పట్టుకుని, గట్టిగా నవ్వింది. ఆ నవ్వు విని ఎంతకాలమైందో హైందవికి గుర్తు రాలేదు.

తిరుగు బస్సులో భూపాల్ మెల్లగా అడిగాడు, ఏమనుకుంటున్నావని. హైందవి కిటికీ బయట గుట్టల్ని చూస్తూ, ముందు ఆ పార్కు తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి అంది. ఆదివారం ఆదివారం బండ, మిగతా రోజులు పార్కు. తాళం తీయకపోతే గేటు ముందు పిల్లల్ని కూర్చోబెట్టి తనూ కూర్చుంటుంది. కోర్టులో పని చేసే మనిషి ఇంట్లో ఉండి ఒక్క తాళం తీయించలేకపోతే ఎందుకు? భూపాల్ ఆమె చేతి మీద చెయ్యి వేశాడు.

ముందు సీటులో కిష్టవ్వ మాట్లాడుతూనే ఉంది. చిన్నప్పుడు తాను తంగేడు కొమ్మ మీద జారుతుంటే సగంలో కొమ్మ విరిగిందట. ఎదురుగా బర్రెను తోలుకుని వాళ్ల నాయిన వస్తున్నాడట. పిల్ల ఒళ్లో పడుకుని వింటూ వింటూ నిద్రపోయింది. ఇమ్లీబన్ దగ్గరికొస్తుంటే దీపాలు వెలిగాయి. కిష్టవ్వ చటుక్కున మాట ఆపి, వెనక్కి తిరిగి, తప్పు చేసినట్టు చూసింది.

"ఎక్కువ మాట్లాడిన్నా?"

హైందవి ముందుకు వంగి, ముందు సీటు కడ్డీ మీద గడ్డం ఆనించింది.

"కొమ్మ విరిగాక బర్రె ఏం చేసింది అత్తయ్యా? మొత్తం చెప్పండి."